మాకు జామీను ఎవరు?

మా పాతబస్తీ ఇళ్ళల్లో ఎవరన్నా దూరదేశం పోతుంటే గడప దాటకముందే కుడి దండకు ఇమామ్ జామిన్ కడతారు. ఆకుపచ్చ గుడ్డముక్కలో ఒక నాణెం పెట్టి, మడిచి కుట్టి, మోచేతికి పైన ముడేస్తారు. కట్టేది ఇంట్లో పెద్ద ఆడమనిషి. కడుతూ 'ఇమామ్ జామిన్ కీ జామినీ మే దియా' అంటుంది. నిన్ను ఇమాము పూచీ మీద పంపిస్తున్నాం అని. మనిషి క్షేమంగా చేరాక ఆ ముడి విప్పి నాణేన్ని అక్కడి బీదవాళ్ళకు ఖైరాత్ చెయ్యాలి. అప్పటిగ్గానీ ప్రయాణం ముగిసినట్టు కాదు. ఇది షియాల ఆచారమని కొందరంటారు. అసలు మతంలోనే లేదని కొందరు మౌల్వీలంటారు. మా ఆడవాళ్ళు ఎవరి మాటా వినలేదు. సున్నీల ఇళ్ళల్లోనూ కడుతూనే ఉన్నారు.

జామిన్ అంటే పూచీ పడ్డవాడు. ఈ మాట తెలుగువాళ్ళకు కొత్తది కాదు. కోర్టులో, పోలీస్ స్టేషన్లో, బ్యాంకులో 'జామీను ఎవరు?' అని తెలుగులోనే అడుగుతారు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అడిగేవాళ్ళకూ గుర్తులేదు, చెప్పేవాళ్ళకూ గుర్తులేదు. అంతగా కలిసిపోయింది. మాట కలిసినంత సులువుగా మనుషులు కలవలేదు. ఆ సంగతే ఇక్కడ చెప్పదలచుకున్నాం.

మొన్నామధ్య మా ఫుప్పూ మనవడు ఎమ్మెస్ చదవడానికి చికాగో బయలుదేరాడు. షాలిబండలో వాళ్ళది పాత ఇల్లు. నడిమింట్లో రెండు సూట్‌కేసులు తెరిచిపెట్టి, కిలోలు తూచి, మళ్ళీ తీసి, మళ్ళీ సర్ది రాత్రి పదకొండు చేశారు. కుక్కరు, చింతపండు, ఎండు మిరపకాయలు, జానిమాజ్, రెండు చలికోట్లు. వాటన్నిటికంటే భద్రంగా ఒక ప్లాస్టిక్ ఫైలు. అందులో యూనివర్సిటీ పిలుపు, బ్యాంకు నిల్వ కాగితం, ఖర్చు మేం భరిస్తాం అని తండ్రి ఇచ్చిన అఫిడవిట్. ఫుప్పూకు అక్షరాలు ఉర్దూవే వచ్చు. ఫైలు చేతిలోకి తీసుకుని 'ఇందులో జామిన్ ఎవర్రా?' అనడిగింది. 'అబ్బానే, దాదీ' అన్నాడు వాడు. 'మీ అబ్బాకు జామిన్ ఎవరు?' అందామె. అందరూ నవ్వారు గానీ వాడి తండ్రి నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో మాకు తెలుసు. పాతబస్తీలో చాలా ఇళ్ళు నోటరీ కాగితాల మీద చేతులు మారినవి. రిజిస్ట్రేషన్ ఉండదు. చదువు అప్పుకు తాకట్టు పెట్టబోతే బ్యాంకు ఆ కాగితాలను చూసి పక్కన పెడుతుంది. కొన్ని చోట్ల ఇంటి చిరునామా చూడగానే ఫారం వెనక్కు వస్తుంది. చివరికి ఫుప్పూ గాజులు, తల్లి జడావీ సెట్టు, రెండు చిట్టీలు కలిసి వాడికి జామీను నిలిచాయి.

విద్యార్థిగా పరాయి దేశం పోవడమంటే ముందు ఎవరో ఒకరు మన పక్షాన 'వీడికి నేను పూచీ' అనాలి. మా హైదరాబాదు చరిత్రలో ఆ పూచీ పడ్డవాళ్ళు ఎవరు, ఆ పూచీ ఎప్పుడు తెగిపోయింది, తెగిపోయాక మేం ఎట్లా బతికాం అన్నది ఎవరూ వరసగా రాసిపెట్టలేదు. నవాబుల కథలు రాశారు, బిర్యానీ కథలు రాశారు. చదువుకోపోయిన పిల్లల కథ మిగిలిపోయింది.

1895లో పదహారేళ్ళ సరోజిని ఇంగ్లండు ఓడెక్కింది. తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ నిజాం కాలేజీ ప్రిన్సిపాలు. పిల్ల పుట్టింది హైదరాబాదులోనే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వజీఫా ఇచ్చి పంపాడు. లండన్ కింగ్స్ కాలేజీలో, తర్వాత కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలో చదివి 1898లో తిరిగొచ్చింది. ముస్లిం రాజు, బెంగాలీ బ్రాహ్మల పిల్ల, ఇంగ్లీషు చదువు. ఆనాడు హైదరాబాదులో అది వింతగా కనబడలేదు. ఆమె పెళ్ళి చేసుకున్నది మరో కులం తెలుగు డాక్టరును. సరోజినీ నాయుడు అన్న పేరులోని నాయుడు అట్లా వచ్చింది.

తర్వాత తరం ఉస్మానియా పిల్లలది. 1918లో యూనివర్సిటీ పెట్టారు. పై చదువంతా ఉర్దూలో. వైద్యం ఉర్దూలో, ఇంజనీరింగు ఉర్దూలో. దారుల్ తర్జుమా అని అనువాదాల శాఖ పెట్టి యూరపు శాస్త్రాలను ఉర్దూలోకి దింపారు. అట్లా చదివిన పిల్లల్లో బాగా పైకొచ్చినవాళ్ళను సర్కారు వజీఫా మీద యూరపు పంపేవారు. ఇంట్లో ఇమామ్ జామిన్ కట్టేవారు. బయట నిజాం సర్కారే జామీను.

అట్లా పోయినవాళ్ళలో సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ ఒకడు. కలం పేరు జోర్. 1905లో పుట్టాడు. లండన్లో 1929లో డాక్టరేటు తీసుకుని పారిస్‌లో ధ్వనిశాస్త్రం చదివాడు. పరాయి ఊరికి పోయిన పిల్లవాడు మొదట సిగ్గుపడేది తన నోటి మాటకే. యాస ఎవరన్నా పట్టేస్తారేమోనని నోరు మూసుకుంటాడు. జోర్ సాబ్ చేసింది దానికి తలకిందులు. తన ఇంటి మాటనే బల్ల మీద పెట్టి పరీక్షించాడు. ఆయన హిందుస్తానీ ధ్వనుల మీద రాసిన ఇంగ్లీషు పుస్తకం 1930లో అచ్చయింది. అక్కడి గ్రంథాలయాల్లో మూలన పడున్న దక్కనీ రాతప్రతులు వెదికాడు. తిరిగొచ్చి 1931లో ఇదారె అదబియాతె ఉర్దూ పెట్టాడు. ఊరు కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ కవిత్వాన్ని 1940లో సంపాదకుడిగా బయటికి తెచ్చాడు.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, దక్కనీ అంటే ఉత్తరాది ఉర్దూవాళ్ళకు నవ్వులాట. 'నక్కో' అంటే నవ్వు, 'హౌ' అంటే నవ్వు. సినిమాల్లో మా మాట జోకర్ల మాట. తెలంగాణ తెలుగును సినిమాల్లో రౌడీలకూ నౌకర్లకూ ఇచ్చినప్పుడు మీకెట్లా అనిపించిందో గుర్తు చేసుకుంటే మా సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. లండన్, పారిస్ దాకా పోయిన ఒక విద్యార్థి అక్కడ నేర్చుకున్నది తన ఇంట్లో అమ్మ మాట్లాడేది భాషేనని.

ఇంకొకడు ఆబిద్ హసన్. 1911లో పుట్టాడు. ఇంజనీరింగు చదవడానికి జర్మనీ పోయాడు. అక్కడ సుభాష్ చంద్ర బోస్ కలిశాడు. చదువు మధ్యలో వదిలేసి ఆయన వెంట నడిచాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి బోసు జర్మన్ జలాంతర్గామిలో తూర్పుకు బయలుదేరినప్పుడు ఆయనతో ఉన్న భారతీయుడు ఈ హైదరాబాదీ ఒక్కడే. నడిసముద్రంలో జపాను జలాంతర్గామిలోకి మారి, దాదాపు మూడు నెలలకు సుమత్రా ఒడ్డు చేరారు. 'జై హింద్' అన్న పలకరింపు పుట్టించింది ఆబిదే అంటారు. జెండాలో కాషాయం ఉండాలా ఆకుపచ్చ ఉండాలా అని ఫౌజులో తగాదా వచ్చినప్పుడు కాషాయానికి గౌరవంగా తన పేరు పక్కన 'సఫ్రానీ' చేర్చుకున్నాడని చెప్తారు. స్వాతంత్ర్యం తర్వాత విదేశాంగ శాఖలో పనిచేసి, రాయబారిగా ఉండి, హైదరాబాదుకే తిరిగొచ్చి 1984లో చనిపోయాడు. 'జై హింద్ అను' అని మా పిల్లలను రైళ్ళలో, వీధుల్లో నిలదీసేవాళ్ళకు ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో తెలియదు. తెలిసినా అడుగుతారేమో.

మూడో మనిషి కథ ఇంకోరకం. మహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాదులో పుట్టాడు. జామియా నిజామియాలో దీనీ చదువు, ఉస్మానియాలో ఎమ్మే, న్యాయశాస్త్రం. ఆ తర్వాత జర్మనీలోని బాన్‌లో ఒక డాక్టరేటు, పారిస్ సోర్బాన్‌లో 1935లో ఇంకో డాక్టరేటు. చదివింది అంతర్జాతీయ న్యాయం. దేశానికీ దేశానికీ మధ్య ఏ ధర్మం నడవాలి, పరాయివాడికి ఏ హక్కులుంటాయి అన్నది ఆయన పాఠం. తిరిగొచ్చి ఉస్మానియాలో అదే పాఠం చెప్పాడు.

1948లో హైదరాబాదు సంగతి ఐక్యరాజ్యసమితికి చేరినప్పుడు ఆ పని మీద పోయినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. భద్రతా మండలి పారిస్‌లో సెప్టెంబరు 16న కూర్చుంది. ఇక్కడ 13న సైన్యం బయలుదేరింది, 17న నిజాం లొంగిపోయాడు. నలుగురు చర్చిస్తున్నప్పుడే రాజ్యం లేకుండా పోయింది. ఆయన మళ్ళీ హైదరాబాదు మొహం చూడలేదు. విద్యార్థిగా ఉన్న పారిస్‌లోనే శరణార్థిగా మిగిలాడు. ఫ్రాన్సు పౌరసత్వం తీసుకోలేదు. తూర్నాన్ వీధిలో ఒక చిన్న ఇంట్లో, పెళ్ళి లేకుండా, పుస్తకాల మధ్య దశాబ్దాలు గడిపాడు. ఫ్రెంచి పరిశోధన సంస్థలో పనిచేశాడు. 1959లో ఖురాన్ను ఫ్రెంచిలోకి తెచ్చాడు. వృద్ధాప్యంలో బంధువుల దగ్గరికి అమెరికా పోయి 2002 డిసెంబరులో ఫ్లోరిడాలో చనిపోయాడు. పరాయివాడికి ఏ హక్కులుంటాయో ఊరందరికీ నేర్పినవాడికి తనదని చెప్పుకునే దేశం లేకుండా పోయింది. జామీను నిలిచిన సర్కారే పోతే జామిన్ మీద పోయినవాడి గతి అది.

ఆయన ఎంచుకున్న పక్షం సరైనదా కాదా అన్న వాదన వేరు. హైదరాబాదు వేరుగా ఉండాలన్నది మా అందరి మాట కాదు. ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' నడిపిన షోయబుల్లా ఖాన్ హిందుస్తాన్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. సిటీ కాలేజీలో ఉర్దూ పాఠం చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ నిజాంకు ఎదురు తిరిగి తెలంగాణ రైతాంగ పోరాటంలో ముందు నిలిచాడు. మా విధేయతకు జామీను అడిగినప్పుడల్లా మేం ఈ రెండు పేర్లూ చెప్తుంటాం. చెప్పీ చెప్పీ మాకే రోత పుడుతుంది. చచ్చిపోయిన మనుషులను ఎన్నిసార్లు కోర్టు బోనులోకి పిలిపిస్తాం?

ఇంకొక మాట కూడా చెప్పాలి. పైన చెప్పిన పేర్లన్నీ పెద్దింటివో, చదువున్న ఇళ్ళవో. పాతబస్తీ అంతా అటువంటి ఇళ్ళు కాదు. టాంగా తోలేవాళ్ళు, దర్జీలు, కసాయివాళ్ళు, జరీ పనివాళ్ళు, దేవిడీల్లో వంటలు చేసేవాళ్ళు, వాళ్ళ పిల్లలు. వాళ్ళకు వజీఫా లేదు, ఓడ లేదు. నిజాం మా మతంవాడే గానీ మా బంధువు కాదు. అయినా ఆ రాజ్యం పోయినప్పుడు దెబ్బ పడ్డది ఎక్కువగా వీళ్ళ మీదే.

ఆ దెబ్బ ఎటువంటిదో మా దాదా చెప్పిన మాటల్లో విన్నాం. సైన్యం వచ్చాక జిల్లాల్లో జరిగిన చావుల మీద సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని లెక్క కట్టింది. 2013 దాకా ఆ నివేదిక జనం కంటబడలేదు. జిల్లాల నుంచి ప్రాణాలు చేతబట్టుకుని వచ్చినవాళ్ళు పాతబస్తీలో ఒక్కో గదిలో రెండేసి కుటుంబాలుగా సర్దుకున్నారు. దాదా అప్పుడు ఉస్మానియాలో చదువుతున్నాడు. ఆయన ఊరు దాటలేదు, సముద్రం దాటలేదు. కానీ పరాయి దేశం పోయిన విద్యార్థికి జరిగేవన్నీ ఆయనకు షాలిబండలో జరిగాయి.

పరాయి దేశంలో దిగిన విద్యార్థి మొదట మూడు నేర్చుకోవాలి. అక్కడి డబ్బు లెక్క, అక్కడి భాష, అక్కడి కాగితాలు. దాదాకు మూడూ ఒక్కసారే వచ్చిపడ్డాయి. హాలీ సిక్కా రూపాయలు ఏడిస్తే హిందుస్తానీ రూపాయలు ఆరు. ఆ మారకం మనసులో కట్టుకుంటూ కూరగాయలు కొనాలి. హాలీ సిక్కా 1959లో పూర్తిగా పోయింది. యూనివర్సిటీలో పాఠం ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారింది. నిన్నటి దాకా ఉర్దూలో రసాయనశాస్త్రం చదివి తరగతిలో ముందు బెంచీలో కూర్చున్న పిల్లవాడు ఈరోజు ఇంగ్లీషు రాక వెనక బెంచీకి పోయాడు. కచేరీలో కాగితాలు మారాయి. 1956 తర్వాత తెలుగు వచ్చింది. ఉర్దూలో చదివిన చదువు చదువే కాదన్నట్టయింది. దాదా డిగ్రీ పూర్తి చేయలేదు. ఛత్తా బజారులో ఒక ప్రెస్సులో కితాబత్ చేస్తూ, పెళ్ళి రుఖాలు రాస్తూ బతికాడు. 'నేను దేశం మారలేదు బేటా, దేశమే నన్ను మారింది' అనేవాడు.

ఈ కథ ఇక్కడ ఆపితే మాకు బాగుంటుంది. మేమే బాధితులం అని చెప్పుకుని ఊరుకోవచ్చు. కానీ చరిత్ర రాసేటప్పుడు మన ఇంటి దీపమని ముద్దాడితే మూతి కాలుతుంది.

నిజాం రాజ్యంలో సగానికి దగ్గర మంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆ తర్వాత మరాఠీ, కన్నడం. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు పదిమందిలో ఒకరికి కాస్త ఎక్కువ, అంతే. అటువంటి రాజ్యంలో యూనివర్సిటీ మొత్తం ఉర్దూలో పెట్టారు. నల్లగొండ, వరంగల్ పల్లెల నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి ఉస్మానియా పరాయి దేశమే. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష, దరఖాస్తు మీద ఇంకో లిపి. ఇంగ్లీషుకు బదులు స్వదేశీ భాషలో చదువు చెప్పామని మేం గర్వంగా చెప్పుకుంటాం. నిజమే, అది గొప్ప పనే. కానీ ఎవరి స్వదేశం? 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను పెద్ద సంఖ్యలో యూనివర్సిటీ నుంచి తీసేశారు. వాళ్ళలో చాలామంది రాజ్యం సరిహద్దు దాటి, బ్రిటిష్ ఇండియాలో ఉన్న నాగపూర్ యూనివర్సిటీలో చేరి చదువుకున్నారు. తర్వాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు అందులో ఒకరు. సొంత ఊళ్ళో చోటు లేక పరాయి ప్రాంతం పోయి చదువుకోవడం మాకంటే ముందు వాళ్ళకు తెలుసు.

ఆ పాట మీద మావాళ్ళకున్న అభ్యంతరం వేరే విషయం. ఆ పిల్లలను వెళ్ళగొట్టడం తప్పే. పదేళ్ళు తిరక్కుండానే ఆ బెంచీలో మా దాదా కూర్చున్నాడు. తెలుగు పిల్లవాడు ఉర్దూ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ చోటే మా పిల్లవాడు ఇంగ్లీషు ముందు, తెలుగు ముందు నిలబడ్డాడు. ఈ రెండు కథలను ఎవరికి వారు దాచుకుని చెప్పుకున్నంత కాలం ఒకరి కథ ఒకరికి నేరంగా కనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి చదివితే ఒకే బాధ.

మా సంగతికొస్తే, మేం పదో తరగతి ఉర్దూ మీడియంలో చదివాం. 1990 చివర్లో నగరంలో అల్లర్లు జరిగినప్పుడు పదేళ్ళ పిల్లలం. కర్ఫ్యూలో బడి నడవదని, పాలు రావని, వీధి చివర సిపాయి ఉంటాడని అప్పుడే తెలిసింది. తర్వాత ఇంటర్‌కు నది అవతల కాలేజీలో చేరాం. నయాపూల్ దాటితే చాలు, పావుగంట బస్సు. అయినా అమ్మీ ఆ పొద్దున దండకు ఇమామ్ జామిన్ కట్టింది. ఫుల్ చేతుల చొక్కా కింద దాచుకుని పోయాం.

మొదటి ఆరు నెలలు తరగతిలో సగం మాటలు అర్థం కాలేదు. 'ద్రవ్యోల్బణం' అన్న మాట విని అది ఏదో జబ్బు పేరనుకున్నాం. నోట్సు ఇచ్చిన దోస్తు జనగామ నుంచి వచ్చినవాడు. వాడికీ ఇంగ్లీషు రాదు, పట్నం బస్సు నంబర్లు తెలియవు. వాడు మాకు తెలుగు గుణింతం నేర్పాడు, మేం వాడికి మదీనా బిల్డింగ్ దగ్గర ఏ హోటల్లో చాయ్ బాగుంటుందో చూపించాం. పరాయి దేశంలో ఎట్లా నిలదొక్కుకోవాలో మాకు అక్కడే తెలిసింది. మొదట ఒక్క మనిషి కావాలి. మన తప్పు మాటకు నవ్వి, వెంటనే సరిదిద్ది, మళ్ళీ ఆ సంగతి ఎత్తని మనిషి. వాడే అసలు జామీను.

కానీ ఈ రోజుకీ, ఇరవై ఏళ్ళకు పైగా తెలుగు పత్రికల్లో రాస్తున్న మాకు ఆ మెచ్చుకోలు తప్పలేదు. 'మీ తెలుగు బాగుందే!' అంటారు. 'అచ్చం తెలుగువాళ్ళలాగే మాట్లాడుతున్నారు' అంటారు. ప్రేమగానే అంటారు. నాలుగు వందల ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నవాణ్ణి నిన్న విమానం దిగినవాడిలా మెచ్చుకుంటే ఏం జవాబు చెప్పాలో తెలియదు. ఆఫీసుకు దగ్గరగా ఉంటుందని ఇల్లు వెదికితే ఫోన్లో అంతా కుదురుతుంది. పేరు చెప్పగానే ఇంటాయన చెల్లెలు అమెరికా నుంచి వస్తుంది. ఇదంతా మాకు అలవాటైపోయింది. చికాగో పోయే పిల్లలకు మేం చెప్పే జాగ్రత్తల్లో సగం నయాపూల్ అవతల నేర్చుకున్నవే.

అమెరికా పోక ఇప్పుడు మొదలైంది కాదు. 1965లో అక్కడి వలస చట్టం మారినప్పటి నుంచి మా డాక్టర్లు, ఇంజనీర్లు, విద్యార్థులు పోతూనే ఉన్నారు. చికాగో దేవాన్ వీధిలో నడిస్తే దక్కనీ చెవిన పడుతుంది. ఆ వీధిలో ఒక ముక్కకు గాంధీ పేరు పెట్టారు, ఇంకో ముక్కకు జిన్నా పేరు. ఇక్కడ ఆ రెండు పేర్ల మధ్య మమ్మల్ని డెబ్బై ఏళ్ళకు పైగా నిలబెట్టి ప్రశ్నలడుగుతున్నారు. అక్కడ బస్సు పట్టుకుని దాటిపోతారు. వీసా కోసం 2009 దాకా మద్రాసు పోవలసి వచ్చేది. తర్వాత బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు పెట్టారు. 2023లో నానక్‌రాంగూడకు మారేదాకా, ఒకప్పటి అమీర్ల హవేలీ ముందు పాతబస్తీ పిల్లలు ఫైళ్ళు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

2001 సెప్టెంబరు తర్వాత ఆ పోక మారిపోయింది. 2002లో అమెరికా కొన్ని దేశాల మగవాళ్ళంతా వచ్చి వేలిముద్రలిచ్చి పేరు నమోదు చేసుకోవాలని ఆజ్ఞ వేసింది. దాదాపు పాతిక దేశాల జాబితా. ఒకటి తప్ప అన్నీ ముస్లిములు ఎక్కువగా ఉన్న దేశాలు. పాకిస్తాన్ ఉంది, బంగ్లాదేశ్ ఉంది. ఇండియా లేదు. కరాచీ పిల్లవాడూ మా పిల్లవాడూ ఒకే గదిలో ఉంటారు, ఒకే వంట తింటారు, ఒకే పేరు కూడా ఉండొచ్చు. అతను వరసలో నిలబడ్డాడు, మావాడు నిలబడలేదు. ఆ ఒక్కసారి మా దేశం మాకు జామీను నిలిచింది. ఇది చెప్పకపోతే అన్యాయమవుతుంది. దేశం జామీను నిలిస్తే ఎట్లా ఉంటుందో పరాయి గడ్డ మీద మాకు తెలిసింది. అందుకే ఇంట్లో అది దొరకనప్పుడు ఇంత బాధ.

అక్కడ ఇంకో వింత జరుగుతుంది. ఇక్కడ ఒకే వీధిలో ఇల్లు అద్దెకివ్వని మనుషుల పిల్లలు అక్కడ ఒకే అపార్టుమెంటులో నలుగురు కలిసి ఉంటారు. కరీంనగర్ పిల్లవాడు, గుంటూరు పిల్లవాడు, షాలిబండ పిల్లవాడు. ఇంటాయన దృష్టిలో అందరూ ఇండియన్లే. ఫ్రిజ్‌లో ఒక అర మాంసానికి, ఒక అర పెరుగుకు. రంజాన్‌లో సహరీకి అలారం పెట్టుకుంటే నలుగురూ లేస్తారు, ముగ్గురు తిట్టుకుంటూ మళ్ళీ పడుకుంటారు. మా పిల్లలకు సగం తెలుగు అక్కడే వస్తుంది. ఇక్కడ కుదరనిది అక్కడెట్లా కుదిరిందని అడిగితే మాకు తోచే జవాబు ఒకటే. అక్కడ అందరూ కొత్తవాళ్ళే. ఎవడూ ఇంటి యజమాని కాడు.

మరి మేం యజమానులైన చోట మేం ఎట్లా ఉన్నాం? ఈ ప్రశ్న కూడా మా మీదికే వస్తుంది. హైదరాబాదుకూ విదేశీ విద్యార్థులు వస్తారు. యెమెన్, సూడాన్, సోమాలియా, ఇరాక్, అఫ్గానిస్తాన్. ఉస్మానియాలో చదువుతారు, టోలీచౌకీలో, పాతబస్తీ అంచుల్లో అద్దెకుంటారు. దిగిన పద్నాలుగు రోజుల్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పేరు రాయించుకోవాలి. దానికి ఇంటాయన కాగితం కావాలి. అదీ జామీనే. 2015లో యెమెన్ మీద బాంబులు పడ్డప్పుడు ఇక్కడున్న ఆ దేశపు పిల్లలు తిరిగి పోలేక, ఇంటి నుంచి డబ్బు రాక తిప్పలు పడ్డారు. మాలో కొందరు అద్దె ఆగుతామన్నారు, అన్నం పంపారు. ఇంకొందరు ఆఫ్రికా పిల్లవాణ్ణి చూడగానే రెట్టింపు అద్దె చెప్పారు, నల్లవాడని వెనక పేర్లు పెట్టారు. నమాజులో పక్కన నిలబెట్టుకుని ఇంట్లోకి రానివ్వనివాళ్ళూ మాలో ఉన్నారు. పేరు చెప్పగానే ఫోను పెట్టేసే ఇంటాయనను మేం తిట్టుకుంటాం. మేం కూడా ఇంటాయనలమే.

ఆ యెమెన్ పిల్లల్లో కొందరు బార్కస్ పోయి ఆశ్చర్యపోతారు. నిజాం ఫౌజులో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బస్తీ అది. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. అక్కడి దుకాణాల బోర్డుల మీద తమ ఊరి ఇంటిపేర్లు కనిపిస్తాయి. పొద్దున్నే హరీస్ దొరుకుతుంది. ప్రేమగా అరబ్బీలో పలకరిస్తే అవతలి ముసలాయన 'క్యా బోల్‌రే మియా?' అంటాడు. పేరు అరబ్బీ, లుంగీ అరబ్బీ, మాట దక్కనీ. వలస వచ్చినవాడు ఎప్పుడు స్థానికుడవుతాడని పండితులు లెక్కలు కడతారు. ఆ ముసలాయన ఎప్పుడో అయిపోయాడు, ఆయనకు తెలియకుండానే. తెలియాల్సింది మిగతావాళ్ళకు.

షాలిబండ పిల్లవాడు చేరిన మూడో రోజు ఫోన్ చేశాడు. శంషాబాదు విమానాశ్రయంలో తనిఖీ దగ్గర నాణెం కూత పెట్టిందట. విప్పి ట్రేలో పెట్టమన్నారట. అవతల మళ్ళీ తనే ఒంటి చేత్తో కట్టుకున్నాడు. అక్కడ ఖైరాత్ ఎవరికియ్యాలో తెలియలేదు. మన ఐదు రూపాయల బిళ్ళ అక్కడ ఎవరికి పనికొస్తుంది? రైలు స్టేషన్ మెట్ల మీద చలిలో కూర్చున్న ఒక ముసలాయనకు ఒక డాలరిచ్చి, మన బిళ్ళ పర్సులో దాచుకున్నాడు. ఫుప్పూ ఫోను అందుకుని 'ఇచ్చినవా బేటా?' అంది. 'ఇచ్చిన దాదీ' అన్నాడు. 'అయితే చేరినట్టే' అని కళ్ళు తుడుచుకుంది.

వాడు మూడు రోజుల్లో చేరాడు. మా దాదా 1948లో బయలుదేరాడు, ఇల్లు కదలకుండా. ఆయన పోయేదాకా చేరినట్టు ఎవరూ చెప్పలేదు. ఇంకా ఎవరో ఒకరు మమ్మల్ని మీరెక్కడివాళ్ళు, మీకు జామీను ఎవరు అని అడుగుతూనే ఉన్నారు. విదేశం పోయిన విద్యార్థికి జామీను కావాలి, అది న్యాయమే. సొంత ఊళ్ళో ఉన్న మనిషికి అది అడగకూడదు. అడగడం మానేసిన రోజు మా ఇంటి ఆడవాళ్ళు ముడి విప్పుతారు. ఆ నాణెం ఎవరికియ్యాలో ఆ రోజు వెదుక్కోనక్కర్లేదు. చార్మినార్ చుట్టూ బీదవాళ్ళకు కరువు లేదు. వాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు.